నగర నిర్మాత మీర్ మోమిన్

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణంగా సుల్తాన్‌షాహి ప్రాంతంలో ఒక ప్రాచీనమైన ఖబరస్తాన్ ఉంది. దానిని ప్రజలు దాయెరా మీర్ మోమిన్ అని పిలుస్తారు. నిజాం రాజ్యానికి దివానులుగా పనిచేసిన మీర్ ఆలం, మొదటి సాలార్‌జంగ్ వంటి ప్రముఖుల సమాధులు అక్కడ ఉన్నాయి. కవులు, పండితులు, ఫకీర్లు, పేరు తెలియని సామాన్యులు ఎందరో ఆ నేలలో శాశ్వతంగా విశ్రమించారు. ఆ స్థలాన్ని సంపాదించి ప్రజలకు ధారపోసిన వ్యక్తి కూడా అక్కడే ఒక చిన్న కట్టడం నీడలో నిద్రిస్తున్నాడు. ఆయనే మీర్ మహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ.

మీర్ మోమిన్ రాజవంశంలో పుట్టినవాడు కాదు, యుద్ధాలు గెలిచి పేరు పొందినవాడూ కాదు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, అభిరుచిరీత్యా తత్త్వశాస్త్ర పండితుడు. స్వదేశం విడిచి శరణార్థిగా గోలకొండకు వచ్చి, ఆ రాజ్యానికి ప్రధానామాత్యుడైనాడు. హైదరాబాదు నగర రూపకల్పనలో ఆయనది ప్రధాన పాత్ర అని చరిత్రకారులు చెబుతారు. భాష, మతం, పుట్టిన ఊరు వేరైన జనులు ఒకేచోట కలిసి బ్రతకాలంటే వారికి ఏమేమి ఉమ్మడిగా ఉండాలి అన్న ప్రశ్నకు ఆయన జీవితమే ఒక సమాధానం.

ఇరాన్ దేశంలో కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయ దిశలో అస్తరాబాదు అనే పట్టణం ఉండేది. నేడు దానిని గోర్గాన్ అంటున్నారు. పదహారవ శతాబ్దంలో మీర్ మోమిన్ అక్కడ ఒక గౌరవనీయమైన సయ్యద్ కుటుంబంలో జన్మించాడు. ఆయన మేనమామ ఫఖ్రుద్దీన్ సమాకీ ఆనాటి ఇరాన్‌లోని గొప్ప తత్త్వవేత్తలలో ఒకడు. తరువాతి కాలంలో ఇస్ఫహాన్ నగరంలో వెలుగొందిన సుప్రసిద్ధ తత్త్వవేత్త మీర్ దామాద్ కూడా సమాకీ వద్ద చదువుకొన్నవాడే. అటువంటి గురువు ఇంటనే ఉండటం మీర్ మోమిన్ అదృష్టం.

ఆ కాలంలో చదువు రెండు పాయలుగా సాగేది. పెద్దల నుండి పరంపరగా వచ్చిన ధర్మశాస్త్రం, మతగ్రంథాల వ్యాఖ్యానం ఒక పాయ. హేతువును ఆధారంగా చేసుకొన్న తర్కం, గణితం, ఖగోళం, వైద్యం, తత్త్వం రెండవ పాయ. చాలామంది ఒకదానిని పట్టుకొని రెండవదానిని చిన్నచూపు చూసేవారు. మీర్ మోమిన్ ఈ రెండింటినీ శ్రద్ధగా అభ్యసించాడు. విశ్వాసానికీ విచారణకూ వైరం లేదన్న భావం ఆయనకు విద్యార్థి దశలోనే ఏర్పడింది. పారసీకంలో కవిత్వం కూడా చెప్పగలిగిన ఆయన పాండిత్యం సఫవీ రాజుల దృష్టికి వచ్చింది. షా తహమాస్ప్ తన కుమారుడు హైదర్ మీర్జాకు చదువు చెప్పే బాధ్యతను ఆయనకు అప్పగించాడు.

రాజకుమారునికి గురువు కావడం మాటలు కాదు. రేపు రాజ్యమేలబోయే వానికి లిపి, వ్యాకరణం నేర్పితే సరిపోదు. ధర్మాధర్మ విచక్షణ నేర్పాలి, కోపాన్ని అదుపులో ఉంచుకోవడం నేర్పాలి. అయితే గురువు వేసిన నారు కోతకు రాకముందే విధి వక్రించింది. 1576లో షా తహమాస్ప్ మరణించాడు. సింహాసనం కోసం అంతఃపురంలో వర్గాలు కత్తులు దూశాయి. తండ్రి చనిపోయిన మరునాడే యువకుడైన హైదర్ మీర్జా హత్యకు గురైనాడు. తరువాత గద్దెనెక్కిన రెండవ షా ఇస్మాయిల్ తన సోదరులనూ దాయాదులనూ ఒక్కొక్కరినే తుదముట్టించాడు.

తాను పెంచిన విద్యార్థి అధికార దాహానికి బలికావడం ఏ గురువుకైనా భరింపరాని శోకం. ఒకే భాష మాట్లాడేవారు, ఒకే మతాన్ని నమ్మేవారు, ఒకే తండ్రి బిడ్డలు కూడా కలిసి బ్రతకలేకపోవడం మీర్ మోమిన్ కళ్లారా చూశాడు. సామ్యం ఉన్నంత మాత్రాన సఖ్యం కలగదన్న సత్యం ఆయనకు ఆ విధంగా అనుభవమైంది. కొంతకాలానికి ఆయన ఇరాన్ దేశాన్ని విడిచిపెట్టాడు. 1581లో గోలకొండ చేరుకొన్నాడు.

గోలకొండనే ఎంచుకోవడానికి కారణాలు లేకపోలేదు. 1518లో ఆ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుండి వచ్చినవాడే. కుతుబ్‌షాహీలు షియా మతాభిమానులు. ఇరాన్ పండితులకు వారి ఆస్థానంలో సముచితమైన ఆదరణ లభించేది. వజ్రాల గనులతోనూ, నేతవస్త్రాలతోనూ, మచిలీపట్నం రేవు వ్యాపారంతోనూ గోలకొండ పేరు దూరదేశాలకు ప్రాకింది.

మీర్ మోమిన్ వచ్చిన నాటికి సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా మరణించి ఏడాది మాత్రమే అయింది. ఇబ్రహీం కూడా ఒకనాడు శరణార్థియే. అన్న జంషీద్ కాలంలో ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. అక్కడే ఆయనకు తెలుగు మీద మక్కువ కలిగింది. రాజైన తరువాత తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రచించిన యయాతి చరిత్రను ఆ రాజ్యపు అధికారి అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. తెలుగు కవులు ఇబ్రహీమును ఇభరాముడని తమ నుడికారంలోకి మార్చుకొని అక్కున చేర్చుకొన్నారు. రాజశాసనాలు పారసీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి. గ్రామాలలో లెక్కలు వ్రాసే కరణాలు తెలుగువారే.

అయినా రాజ్యంలో భేదాలు లేవనుకోరాదు. ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల నుండి వచ్చినవారిని ఆఫాకీలని, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన ముస్లిములను దక్కనీలని పిలిచేవారు. పదవుల కోసం ఈ రెండు వర్గాల నడుమ పోటీ ఉండేది. ఇదే కలహం అంతకుముందు బహమనీ రాజ్యాన్ని బలహీనపరచి దాని పతనానికి ఒక కారణమైంది. షియాలు, సున్నీల మధ్య సిద్ధాంత భేదాలుండేవి. ప్రజలలో అత్యధికులు హిందువులు. తెలుగు, దక్కనీ, పారసీకం, అరబ్బీ, మరాఠీ, కన్నడ భాషలు ఒకే అంగడిలో వినిపించేవి. వీరందరినీ ఒక్క త్రాటిపై నడపడం కత్తిమీద సాము వంటిది.

అప్పటికి సింహాసనంపై ఉన్న మహమ్మద్ కులీ కుతుబ్‌షా పదిహేనేళ్ల ప్రాయంలో రాజ్యానికి వచ్చిన యువకుడు. కవితాప్రియుడు, ఉత్సాహవంతుడు. దక్కనీ భాషలో ఋతువులను గురించి, పండుగలను గురించి, ఈ నేల ఫలపుష్పాలను గురించి కవితలల్లినవాడు. ఆయన కవితలలో తెలుగు పదాలు కూడా చోటుచేసుకొన్నాయి. మీర్ మోమిన్ అందుకు భిన్నమైన వ్యక్తి. నిదానం, నిష్ఠ, శాస్త్రపరిశ్రమ ఆయన స్వభావం. స్వభావాలు వేరైనా ఒకరి విలువను మరొకరు గుర్తించారు. 1585లో సుల్తాను ఆయనను పేష్వాగా నియమించాడు. గోలకొండలో పేష్వా అంటే ప్రధానామాత్యుడు. నాటి నుండి సుమారు నలభై సంవత్సరాల పాటు, ఇద్దరు సుల్తానుల కాలంలో, మీర్ మోమిన్ ఆ స్థానంలో నిలిచాడు. కుట్రలతో నిండిన ఆ కాలపు రాజాస్థానాలలో అంత సుదీర్ఘ కాలం విశ్వాసపాత్రుడుగా ఉండటం అరుదైన విషయం.

అప్పటికే గోలకొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు. నీటికి కటకట ఏర్పడింది. మూసీనదిపై 1578లో నిర్మించిన వంతెన ఆవలి ఒడ్డుకు దారి చూపింది. నేడు మనం పురానాపూల్ అంటున్నది ఆ వంతెననే. నదికి దక్షిణాన ఉన్న విశాలమైన మైదానంలో కొత్త నగరాన్ని నిర్మించాలని సుల్తాను సంకల్పించాడు. హిజ్రీ శకంలో వెయ్యవ సంవత్సరం ఆరంభమైన 1591లో చార్మినారు నిర్మాణం జరిగింది.

నగర రచనలో మొదటి గీత ఒక కూడలి. తూర్పు పడమరలుగా ఒక రాజమార్గం, ఉత్తర దక్షిణాలుగా మరొక రాజమార్గం వేసి, అవి కలిసేచోట చార్మినారును నిలిపారు. దాని నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరచి ఉంటాయి. పై అంతస్తులో మసీదు, క్రింద అందరూ నడిచే దారి ఉండటం ఆ కట్టడంలోని విశేషం. దానికి ఉత్తరాన కొంత దూరంలో మరొక చదరం ఏర్పరచి నాలుగు వైపుల నాలుగు కమానులు కట్టారు. వాటినే చార్‌కమాన్ అంటారు. వాటి నడుమ నేటి గుల్జార్ హౌజ్ అనే జలాశయం ఉంది. పడమటి కమాను గుండా రాజభవనాలకు దారి ఉండేది. రాజమార్గాల కిరువైపులా అంగళ్లు, వాటి వెనుక నివాసాలు, నివాసాల నడుమ తోటలు అమరాయి.

ఈ రూపకల్పనలో ఒక ఆలోచన దాగి ఉంది. పూర్వపు రాజధానులలో కోట మధ్యలో ఉండి, ప్రజలు దాని చుట్టూ తలదాచుకొనేవారు. హైదరాబాదులో మాత్రం మధ్యస్థానం రాజభవనానికి కాక, నాలుగు దారుల కూడలికి దక్కింది. ఏ దిక్కు నుండి వచ్చినవాడైనా అక్కడికి చేరవలసిందే. వజ్రాల వర్తకుడు, గడ్డిమోపు మోసుకొచ్చిన రైతు, అరబ్బు గుర్రాల వ్యాపారి, పల్లె నుండి వచ్చిన కరణం ఒకే కమాను క్రింద నడిచేవారు. మొదట్లో నగరం చుట్టూ ప్రాకారం కూడా లేదు. కొన్ని దశాబ్దాల తరువాత ఈ నగరాన్ని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఇది తమ దేశంలోని ఓర్లియన్స్ నగరమంత ఉన్నదని వ్రాసుకొన్నాడు.

నగరమంటే రాళ్లూ సున్నమూ మాత్రమే కాదు. 1595లో మూసీ ఒడ్డుకు సమీపంలో దారుల్‌షిఫా వెలసింది. అది రెండంతస్తుల వైద్యశాల. రోగులకు అక్కడ ఉచితంగా మందులు, వసతి లభించేవి. యునానీ వైద్యం నేర్చుకొనే విద్యార్థులకు అదే పాఠశాల కూడా. జ్వరానికి జాతి లేదు కదా! 1594లో బాద్షాహీ ఆషుర్‌ఖానా నిర్మాణం ఆరంభమైంది. కర్బలాలో ప్రాణత్యాగం చేసిన ఇమామ్ హుసేన్ స్మృత్యర్థం మొహర్రం రోజులలో అక్కడ పీర్లను నిలుపుతారు. అన్యాయానికి తలవంచని త్యాగమూర్తిని తలచుకొని దుఃఖించడానికి మతభేదం అడ్డురాలేదు. కాలక్రమాన తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగ హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకొనే వేడుకగా మారిన సంగతి అందరికీ తెలిసినదే.

మీర్ మోమిన్ దృష్టి రాజధానితోనే ఆగిపోలేదు. నగరం చుట్టుప్రక్కల ఆయన స్వయంగా గ్రామాలను నెలకొల్పాడు. సైదాబాద్, మీర్‌పేట ఆ విధంగా వెలసినవే. మీర్‌పేట పేరులోని మీర్ ఆయనే. కొత్త గ్రామంలో ఆయన మసీదుతో పాటు చెరువును త్రవ్వించేవాడు, బాటసారులు బస చేయడానికి సరాయి కట్టించేవాడు. ఈ వరుసను గమనించాలి. మసీదు ఒక మతంవారిది. చెరువు నీరు పొలం ఉన్న ప్రతి రైతుదీ. సరాయి అలసి వచ్చిన ప్రతి ప్రయాణికుడిదీ. తన విశ్వాసానికి చిహ్నమైన కట్టడం ప్రక్కనే అందరి అవసరం తీర్చే కట్టడం ఉండాలన్నది ఆయన పద్ధతి. చెరువులే ప్రాణంగా బ్రతికే తెలంగాణలో పరదేశి ఒకడు జనానికి దగ్గర కావడానికి ఇంతకంటే చక్కని మార్గం లేదు.

రాజకార్యాల నడుమ కూడా మీర్ మోమిన్ చదువును, రచనను విడువలేదు. ఆయన రచనలలో రిసాలా మిఖ్దారియా అనే పారసీక గ్రంథం విశిష్టమైనది. అది తూనికలు, కొలతలను గురించిన శాస్త్రగ్రంథం. ఒక తత్త్వవేత్త, ఒక ప్రధానామాత్యుడు తూకపు రాళ్లను గురించి గ్రంథం వ్రాయడం మొదటి చూపులో వింతగా తోస్తుంది. కాని కొంచెం ఆలోచిస్తే దాని అవసరం బోధపడుతుంది.

ఆ రోజులలో కొలతలు ఊరికొక తీరుగా ఉండేవి. దిర్హమ్, మిస్కాల్, రతల్, మన్ను వంటి పేర్లు పుస్తకాలలో ఉన్నా, వాటి బరువు విషయంలో ధర్మశాస్త్ర పండితులు ఒకటి చెబితే వైద్యులు మరొకటి చెప్పేవారు. పది దిర్హములు ఏడు మిస్కాల్లకు సమానమని శాస్త్రం చెప్పినా, ఆ మిస్కాల్ ఎంత అన్నచోట వివాదం తలెత్తేది. ఇక తెలుగు అంగళ్లలో శేరు, వీశె, మణుగు, కుంచం, పుట్టి వంటి మానాలు వేరుగా ఉండేవి. గోలకొండ వజ్రాలను మంజాడి గింజ ఎత్తుతో తూచేవారు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నం రేవులో వ్యాపారానికి దిగి తమ కొలతలను కూడా తెచ్చారు. కొలత తప్పితే మందు విషమవుతుంది. తూకం తప్పితే పన్ను అన్యాయమవుతుంది, దానం లోపిస్తుంది, బేరం తగవుగా మారుతుంది.

మీర్ మోమిన్ వేర్వేరు శాస్త్రాలవారి అభిప్రాయాలను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, అవి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ వేరవుతాయో వివరించాడు. ఒకరి కొలతను ఒప్పుగా, మరొకరి కొలతను తప్పుగా నిర్ణయించి ఊరుకోవడం తేలిక. ఒకదానిని మరొకదానిలోకి మార్చుకొనే దారి చూపడం కష్టం. ఆయన ఆ కష్టమైన పనికి పూనుకొన్నాడు. ఇందులో మనకొక జీవనసత్యం గోచరిస్తుంది. మనుషులందరూ ఒకే విధంగా ఆలోచించనక్కరలేదు. కాని ఒకరి లెక్క మరొకరికి అర్థమయ్యే మార్గం ఉండాలి. అది లేనిచోట అనుమానం పుడుతుంది, అనుమానం నుండి కలహం పుడుతుంది.

అటువంటి కలహాలు కొత్త నగరంలోనూ తలెత్తాయి. మహమ్మద్ కులీ కాలంలో ఒకసారి విదేశీయులపై దాడులు, దోపిడులు జరిగాయి. సుల్తాను స్వయంగా జోక్యం చేసుకొని వాటిని అణచవలసి వచ్చింది. 1609లో సుల్తాను తమ్ముడు ఖుదాబందా, దక్కనీ ప్రముఖులు కొందరి అండతో తిరుగుబాటుకు ప్రయత్నించి విఫలుడై బందీ అయినాడు. ఎంత అందమైన కూడలిని నిర్మించినా, అక్కడ నడిచేవారి మనసులు మారకపోతే ప్రయోజనం స్వల్పమేనని ఈ సంఘటనలు హెచ్చరించాయి. మనసులను మార్చేది విద్య. మీర్ మోమిన్‌కు అసలు వృత్తి అదే.

మహమ్మద్ కులీకి మగసంతానం లేదు. ఆయన తమ్ముడు మహమ్మద్ అమీన్ చిన్న వయసులోనే మరణించగా, అతని కుమారుడు సుల్తాన్ మహమ్మద్‌ను పెదతండ్రే పెంచాడు. 1593లో జన్మించిన ఆ బాలుని విద్యాభ్యాసం మీర్ మోమిన్ పర్యవేక్షణలో సాగింది. కజ్విన్ రాజభవనంలో మొదటి శిష్యుణ్ణి పోగొట్టుకొన్న గురువు చేతికి, ఏళ్ల తరువాత, మరొక దేశంలో, మరొక రాకుమారుడు దక్కాడు. ఆగిపోయిన పాఠం మళ్లీ మొదలైంది.

1607లో ఆ యువకునికి సుల్తాను ఏకైక కుమార్తె హయాత్ బక్షీ బేగంతో వివాహం జరిగింది. 1612 జనవరిలో మహమ్మద్ కులీ మరణించినపుడు రాజ్యం ఒక ప్రమాదకరమైన మలుపులో నిలిచింది. 1576నాటి ఇరాన్ దృశ్యాలు మీర్ మోమిన్ కళ్లముందు కదలాడి ఉంటాయని ఊహించవచ్చు. ఆయన ఆలస్యం చేయలేదు. వర్గాలు తలెత్తక ముందే సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షాను సింహాసనంపై కూర్చుండబెట్టాడు. అధికారం శాంతియుతంగా చేతులు మారింది.

మహమ్మద్ కుతుబ్‌షా గురువుకు తగ్గ శిష్యుడు. ఆడంబరాలకు దూరంగా, పుస్తకాలకు దగ్గరగా జీవించాడు. తన గ్రంథాలయంలోని వ్రాతప్రతులపై స్వహస్తాలతో వివరాలు వ్రాసి ముద్ర వేయడం ఆయనకు అలవాటు. అటువంటి ప్రతులు నేటికీ గ్రంథాలయాలలో కనబడతాయి. 1617లో మక్కా మసీదు నిర్మాణానికి ఆయన పునాది వేయించాడు. ఆయన పాలనాకాలం పెద్ద యుద్ధాలు లేని శాంతికాలం. రాజు చదువరి అయితే రాజ్యానికి ఎంత మేలో ఆ పద్నాలుగు సంవత్సరాలు తెలియజేస్తాయి.

మీర్ మోమిన్ మతవిశ్వాసం లేనివాడని గాని, అన్ని మతాలూ ఒకటేనని బోధించిన వాడని గాని భావించరాదు. ఆయన నిష్ఠగల షియా పండితుడు. తన సంప్రదాయంలోని విశ్వాసాన్ని సమర్థిస్తూ కితాబ్-ఎ-రజత్ అనే గ్రంథం రచించినవాడు. తన నమ్మకాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు, సడలించుకోలేదు. కాని దారి, నీరు, వైద్యం, కొలత, న్యాయం అనేవి నమ్మకాన్ని బట్టి పంచవలసినవి కావని ఆయన గ్రహించాడు. భేదాలను చెరిపివేయడం కాక, భేదాలతోనే కలిసి నిలువగల చోటులను కల్పించడం ఆయన నమ్మిన మార్గం.

ఆయన చివరి దానం దాయెరా. నగరానికి వెలుపల ఉన్న ఆ భూమిని సంపాదించి, కర్బలా నుండి పవిత్రమైన మట్టిని తెప్పించి అందులో కలిపించాడని, పిదప దానిని ఖబరస్తాన్‌గా ప్రజలకు అంకితం చేశాడని చెబుతారు. పరదేశం నుండి వచ్చి, నా అన్నవారు లేక కన్నుమూసే వారెందరో ఆనాటి నగరంలో ఉండేవారు. బ్రతికినంత కాలం అద్దె ఇంట గడిపినవానికి చివరకు ఆరడుగుల సొంత నేల దొరకాలన్న కరుణ ఆ దానంలో కనిపిస్తుంది. శరణార్థి బాధ శరణార్థికే తెలుస్తుంది.

1625లో మీర్ మోమిన్ పరమపదించాడు. తాను ఇతరుల కోసం సిద్ధపరచిన ఆ నేలలోనే ఆయనను ఖననం చేశారు. మరుసటి సంవత్సరమే ఆయన శిష్యుడు మహమ్మద్ కుతుబ్‌షా కూడా చిన్న వయసులోనే మరణించాడు. ప్రజల హృదయాలలో మీర్ మోమిన్ క్రమంగా మహాపురుషుడుగా మారాడు. ఆయనకు అద్భుతశక్తులు ఉండేవని కథలు అల్లుకొన్నారు. సమాధి వద్దకు వచ్చి మొక్కులు మొక్కుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దంలో ప్రసిద్ధ ఉర్దూ పండితుడు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఆయన జీవితచరిత్రను రచించి, కథల వెనుక ఉన్న మనిషిని లోకానికి పరిచయం చేశాడు.

1687లో గోలకొండ మొగలుల వశమైంది. కుతుబ్‌షాహీల రాజభవనాలు శిథిలమై నామరూపాలు లేకుండా పోయాయి. మూసీ వరదలు వచ్చాయి, రాజవంశాలు మారాయి, ప్రజల నడుమ ద్వేషం రగిలిన దినాలు కూడా ఈ నగరం చూసింది. అయినా నాలుగు దారుల కూడలి చెక్కుచెదరలేదు. ఈనాటికీ లాడ్ బజారులో గాజులు కొనే కొత్త పెండ్లికూతురు, పత్తర్‌గట్టిలో అత్తరు అమ్మే వ్యాపారి, పుస్తకాల సంచితో కళాశాలకు వెళ్లే విద్యార్థి ఆ కమానుల నీడనే నడుస్తున్నారు. వారిలో ఎవరి ప్రార్థన వారిది, ఎవరి భాష వారిది. దారి మాత్రం అందరిదీ.

రాజుల పేర్లు నాణేలపై మిగులుతాయి. గురువుల పేర్లు చాలాసార్లు మరుగున పడతాయి. ఒక శిష్యుని అకాలమరణంతో క్రుంగిపోక, మరొక శిష్యుణ్ణి తీర్చిదిద్ది, మధ్యకాలంలో ఒక నగరానికి రూపమిచ్చిన మీర్ మోమిన్ జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం. మనతో ఏకీభవించని వారితో కూడా కలిసి చేయదగిన మంచిపని ఏదో ఒకటి ఉంటుందని, దానిని వెదకి పట్టుకోవడమే నిజమైన విజ్ఞతయని ఆయన చరిత్ర బోధిస్తున్నది.